కొవ్వొత్తి, కానుగ చెట్టు, నీళ్ళ ట్యాంకరు: 14 మంది టీచర్లకి పరిసరాల శిక్షణ నేనివ్వాలట!

సుద్దముక్క | కె.ఆర్.పురం | ఆదివారం రాత్రి 9.40

అందరికీ నమస్కారం. ఇక్కడ టీచర్లు చాలామందే ఉన్నారని ధైర్యం చేసి అడుగుతున్నా.

నేను బెంగళూరులో ఒక ప్రైవేటు సీబీఎస్‌ఈ స్కూల్లో నాలుగో తరగతికి ఈవీఎస్ చెప్తాను. మన ఊళ్ళల్లో పరిసరాల విజ్ఞానం అంటాం కదా, అదే. సైన్సూ సోషలూ కలిపి ఒకే పుస్తకం. చేరి తొమ్మిదేళ్ళయింది. మొన్న ప్రిన్సిపల్ గారు పిలిచి, "ఒకటి నుంచి ఐదు దాకా చెప్పేవాళ్ళకి ఈసారి రెండు రోజుల ట్రైనింగ్ మీరే ఇవ్వండి" అన్నారు. టీచరుకి ఏడాదికి 50 గంటల శిక్షణ ఉండాలని బోర్డు నియమం. అందులో సగం స్కూల్లోనే చేసుకోవచ్చు. ఆ సగం వచ్చి నా నెత్తిన పడింది.

పోయినేడు బయటి నుంచి ఒకాయన వచ్చారు. వంద దాటిన స్లైడ్లు. "పిల్లలు చేసి నేర్చుకోవాలి" అని మమ్మల్ని మూడు గంటలు కూర్చోబెట్టి చెప్పారు. మేం చేసిందల్లా సమోసా తినడం, ఫోటోలో నవ్వడం. సర్టిఫికెట్లు భోజనానికి ముందే పంచేశారు. సోమవారం నుంచి మళ్ళీ మామూలే: పాఠం చదివించు, ముఖ్యమైన పదాల కింద గీత గీయించు, ప్రశ్న జవాబులు బోర్డు మీద రాయి.

మా 14 మందిలో డిగ్రీలో సైన్సు చదివింది ముగ్గురం. మిగతావాళ్ళు కామర్స్, ఇంగ్లీష్ లిటరేచర్, ఒకావిడ ఎంబీఏ. పిల్లలంటే ప్రేమ అందరికీ ఉంది. కానీ సైన్సు అంటే లోపల బెదురు, సోషల్ అంటే "అదేముంది, చదివిస్తే సరి". ఎక్కడ మొదలుపెట్టమంటారు? పీపీటీ మాత్రం చెయ్యను, ఒట్టు.


మదనపల్లె మేష్టారు | వైట్‌ఫీల్డ్ | సోమవారం ఉదయం 6.15

అమ్మా, రిటైరై ఇక్కడ అమ్మాయి దగ్గరుంటున్నాను. పొద్దున్నే లేచి చేసే పని లేదు కాబట్టి పెద్ద ఉత్తరమే రాస్తున్నా.

కొవ్వొత్తితో మొదలుపెట్టు. పళ్ళెంలో నీళ్ళు పొయ్యి, చిటికెడు కుంకుమ కలిపితే బాగా కనిపిస్తుంది. మధ్యలో కొవ్వొత్తి నిలబెట్టి వెలిగించి, పాత హార్లిక్స్ సీసా బోర్లించు. మంట ఆరుతుంది, నీళ్ళు సీసాలోకి ఎక్కుతాయి. ఎందుకని అడుగు. పదిమందిలో తొమ్మిదిమంది చెప్పే జవాబు నాకిప్పుడే తెలుసు: "గాలిలో ఐదో వంతు ఆక్సిజన్, అది మండిపోయింది, ఆ ఖాళీలోకి నీళ్ళు వచ్చాయి." మనమూ అలాగే చదువుకున్నాం, అలాగే చెప్పాం.

ఏం మాట్లాడకు. అదే సీసా, అదే పళ్ళెం, ఈసారి మూడు కొవ్వొత్తులు పెట్టు. నీళ్ళు ఇంకా పైకెక్కుతాయి. సీసా మారలేదు, అందులో ఉన్న ఆక్సిజన్ మారలేదు. మరి నీళ్ళెందుకు ఎక్కువ ఎక్కాయి?

గది నిశ్శబ్దమైపోతుంది చూడు. ఆ నిశ్శబ్దం కోసమే ఇదంతా. తొందరపడి జవాబు చెప్పేశావో, మీ స్లైడ్ల ఆయనకీ నీకూ తేడా లేదు. మళ్ళీ చెయ్యమను, ఈసారి గడియారంతో. నీళ్ళు ఎప్పుడు ఎక్కుతున్నాయి? మంట మండుతున్నంతసేపా, ఆరుతున్నప్పుడా? సీసా బోర్లించేటప్పుడు అంచు దగ్గర బుడగలు వస్తున్నాయా? ఆ బుడగలు చూసినవాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు. వేడికి గాలి వ్యాకోచించి కొంత బయటికిపోయింది, ఆరాక మిగిలింది చల్లబడి ముడుచుకుంది, బయటి గాలి నీళ్ళని లోపలికి నెట్టింది. నిజానికి ఆక్సిజన్ మొత్తం అయిపోకముందే మంట ఆరిపోతుంది.

నేను సర్వీసులో చేరిన ఇరవై ఏళ్ళకి గానీ ఈ సంగతి నాకు తెలీలేదు. చెప్పుకోడానికి సిగ్గుపడే వయసు దాటిపోయింది.


రెండో బెంచీ | మారతహళ్ళి | సోమవారం ఉదయం 9.05

టీచర్ని కాను, తండ్రిని. మా పాప నాలుగో తరగతి. మేష్టారు చెప్పింది బాగుంది, కానీ గైడులో ఐదో వంతు ఆక్సిజన్ అనే ఉంటే పరీక్షలో పాప ఏం రాయాలి? మీ నిజం వల్ల మా పిల్లకి రెండు మార్కులు పోతే ఎవరు బాధ్యులు? వెటకారం కాదు, నిజంగానే అడుగుతున్నా.


మదనపల్లె మేష్టారు | సోమవారం ఉదయం 9.30

మంచి ప్రశ్న నాయనా. నాలుగో తరగతి పిల్లకి ఆక్సిజన్ శాతంతో పనేంటి అసలు? "సీసాలో ఏం జరిగింది, నువ్వేం చూశావు, బొమ్మ గీయి" అని అడిగితే ఎవరికీ మార్కులు పోవు. ప్రశ్నపత్రం మారకుండా పాఠం మారదు. ఆ మాట కాదనలేను.


ముళబాగిలు మాస్టారు | కోలారు జిల్లా | సోమవారం రాత్రి 8.50

ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడ, మీటింగుల్లో రెండూ కాని ఇంగ్లీషు. నాది ఆ బతుకు. సర్కారు బడిలో పదేళ్ళు చెప్పి, ఇప్పుడు క్లస్టర్లో, అంటే చుట్టుపక్కల బడుల గుంపులో, రిసోర్స్ పర్సన్‌గా తిరుగుతున్నా.

మా వైపు శిక్షణలు మెట్లు దిగుతూ వస్తాయి. రాష్ట్రంలో కొందరికి ఐదు రోజులు, వాళ్ళు జిల్లాలో మూడు రోజులు, తాలూకాలో రెండు రోజులు, క్లస్టర్లో ఒక పూట. పైన సామాను పెట్టె ఉంటుంది. కిందికొచ్చేసరికి పెట్టె ఫోటో ఉంటుంది. దూద్‌పేడా చేతులు మారేకొద్దీ ఎలా అరిగిపోతుందో అట్లా.

కానీ మంచిరోజులూ చూశాం. మా కర్ణాటక నలి-కలి, అంటే ఆడుతూ పాడుతూ నేర్చుకునే పద్ధతి, సంగతి తెలుసు కదా? 1995లో మైసూరు జిల్లా హెచ్.డి.కోటె తాలూకాలో మొదలైంది. ఆ టీచర్లు పద్ధతి చూసింది ఎక్కడనుకున్నారు? మేష్టారి ఊరి పక్కనే, రిషి వ్యాలీ స్కూలు వాళ్ళు నడిపే పల్లెబడుల్లో. అక్కడి పాఠాల కార్డుల్ని చూసొచ్చి, కన్నడంలో తమ కార్డులు తామే రాసుకున్నారు. ఎవరో అచ్చేసి ఇస్తే చదివినవాళ్ళు కాదు, రాసుకున్నవాళ్ళు. అందుకే అది నిలబడింది. తర్వాత రాష్ట్రమంతా పరిచినప్పుడు కొన్నిచోట్ల కార్డులు బీరువాలో చేరిన మాటా నిజమే.

ఇంకోటి. మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ సైన్సు కార్యక్రమం 1972లో 16 బడులతో మొదలై, 1978కి జిల్లా అంతా పాకింది. ఆరు నుంచి ఎనిమిది తరగతులకి. టీచర్లు వేసవిలో తాము పిల్లల్లా కూర్చుని ప్రతి ప్రయోగం చేసేవాళ్ళు, తర్వాత నెలనెలా కలిసి "ఇది మా క్లాసులో కుదరలేదు" అని చెప్పుకునేవాళ్ళు. రెండో బెంచీ సార్, మీ ప్రశ్నకి జవాబూ అక్కడే ఉంది. వాళ్ళ పరీక్ష పుస్తకం తెరిచి రాసేది, పైగా ప్రయోగం చేసి చూపించాలి. 2002లో ప్రభుత్వం ఆపేసింది, అది వేరే కథ.

సుద్దముక్క మేడమ్, రెండు రోజులు ఎలాగూ గడిచిపోతాయి. రెండు వారాలయ్యాక ఎవరి క్లాసులో వెనక కూర్చుంటారో ఇప్పుడే తేదీ వేసుకోండి. కూర్చునేటప్పుడు చేతిలో రిజిస్టరు మాత్రం పెట్టుకోవద్దు. రిజిస్టరు చూస్తే టీచరుకి ఇన్‌స్పెక్షను గుర్తొస్తుంది, గొంతు మారిపోతుంది.


చరిత్రపిచ్చి | జయనగర్ | సోమవారం రాత్రి 10.20

ఇంతసేపూ సైన్సేనా? పరిసరాలు అంటే సగం సోషల్ కదండీ. ఎప్పుడూ ఇంతే, శిక్షణ అనగానే కొవ్వొత్తులూ అయస్కాంతాలూ. సోషల్‌కి వచ్చేసరికి "మన సహాయకులు" అని పోస్ట్‌మ్యాన్ వేషం కట్టించి అయిందనిపిస్తారు.

నా మాట విని పద్నాలుగు మందినీ పొద్దున్న ఏడింటికి లాల్‌బాగ్ తీసుకెళ్ళండి. పూలు చూడ్డానికి కాదు, ఆ బండ ఎక్కడానికి. దాని వయసు దాదాపు 300 కోట్ల ఏళ్ళు. భారత భూగర్భ సర్వే సంస్థ దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించి బోర్డు కూడా పెట్టింది. బండ మీద కెంపేగౌడ పేరున గోపురం. చుట్టూ తోట హైదర్ అలీ మొదలుపెట్టింది. కొంచెం దూరంలో గాజు మేడ, 1889 నాటిది. ఇవతల మెట్రో స్టేషను. ఒక్కచోట నిలబడి అడగొచ్చు: వీటిలో ముందు వచ్చింది ఏది? ఎలా చెప్పగలం? ఎవర్ని అడగాలి? ఇది సైన్సు ప్రశ్నా, సోషల్ ప్రశ్నా మీరే తేల్చండి.

నేనొక తాడు పట్టుకెళ్తాను. 30 మీటర్లది. బండ పుట్టిన రోజు ఈ కొస, ఇవాళ ఆ కొస. లెక్కేస్తే ఒక సెంటీమీటరుకి 10 లక్షల ఏళ్ళు. ఇప్పుడు కెంపేగౌడ ఊరు కట్టిన 1537 ఎక్కడ ముడి వెయ్యాలి? పిల్లలు మూరెడు అవతల వేస్తారు, టీచర్లు జానెడు అవతల వేస్తారు. అసలు ముడి పడదు! వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు ఆ దూరం. "చాలా కాలం క్రితం" అనే మాట పుస్తకంలో ఎన్నిసార్లు వస్తుందో ఒకసారి లెక్కపెట్టండి. బండకీ అదే మాట, రాజుకీ అదే మాట, తాతయ్య చిన్నతనానికీ అదే మాట.


డీఎల్‌ఎడ్ సెకండియర్ | బాణసవాడి | మంగళవారం మధ్యాహ్నం 1.10

అక్కా, అన్నయ్యలూ, మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. డీఎల్‌ఎడ్, అంటే ప్రైమరీ టీచర్ల డిప్లొమా, రెండో ఏడు చదువుతున్నా. అందరూ బీఎడ్ చెయ్యమన్నారు. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ప్రైమరీ పోస్టులకి బీఎడ్ చాలదన్నాక ఇంట్లో నా విలువ పెరిగింది.

నా బాధ ఏంటంటే, రెండేళ్ళలో పాఠ్యపథకాలు రాసి రాసి చెయ్యి పోయింది. లక్ష్యాలు నీలం స్కెచ్‌పెన్‌తో, కృత్యాలు ఆకుపచ్చతో. రంగు తప్పితే మళ్ళీ రాయాలి. కానీ మొన్న టీచింగ్ ప్రాక్టీస్‌లో ఐదో తరగతి అబ్బాయి ఒకడు లేచి అడిగాడు: "మిస్, బెంగళూరు ఎత్తులో ఉంది కదా, అంటే సూర్యుడికి దగ్గర. మరి చెన్నై కంటే చల్లగా ఎందుకుంటుంది?"

ఏ రంగు స్కెచ్‌పెనూ అక్కరకి రాలేదు. "ఆ సంగతి పై తరగతుల్లో చదువుకుంటావు, కూర్చో" అన్నాను. వెనక కూర్చున్న మా లెక్చరర్ "క్లాసు బాగా కంట్రోల్‌లో ఉంది" అని రాశారు. ఆ రాత్రి నిద్రపట్టలేదు.


మదనపల్లె మేష్టారు | మంగళవారం మధ్యాహ్నం 2.00

ఆ పిల్లవాడికి దణ్ణం పెట్టాలి. ఎంత చక్కగా ఆలోచించాడు! సూర్యుడు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు, బెంగళూరు ఎత్తు కిలోమీటరు కూడా లేదు, 920 మీటర్లు. ముందు ఆ రెండు అంకెలూ పక్కపక్కన బోర్డు మీద రాసి వాణ్నే చూడమనాలి. ఎండ నేలని కాలుస్తుంది, నేల పైనున్న గాలిని కాలుస్తుంది. పైకి వెళ్ళేకొద్దీ గాలి పల్చబడి చల్లబడుతుంది, కిలోమీటరుకి దాదాపు 6 డిగ్రీలు. బెంగళూరూ చెన్నై దాదాపు ఒకే అక్షాంశం మీదున్నాయి కాబట్టి పోల్చడానికి భలే జంట. చెన్నైకి సముద్రం పక్కనుందన్న మెలిక ఒకటుంది, దాన్ని మర్నాటికి దాచుకో.

తెలియకపోతే, "నాకూ తెలీదురా, రేపటికి ఇద్దరం కనుక్కుందాం" అను తల్లీ. మర్నాడు మాత్రం ఆ ప్రశ్న తప్పకుండా ఎత్తాలి. ఎత్తకపోతే అది ఎగవేతే.


రెండో బెంచీ | మంగళవారం సాయంత్రం 6.45

ఏడాదికి లక్షన్నర కడుతున్నాం, టీచర్ "నాకు తెలీదు" అంటే ఎలాగండీ?


సుద్దముక్క | మంగళవారం రాత్రి 9.15

సార్, మీ ఆఫీసులో "నాకు తెలీదు, చూసి చెప్తా" అని రోజుకెన్నిసార్లంటారు? మీ జీతమేం తగ్గదు కదా.


రెండో బెంచీ | మంగళవారం రాత్రి 9.22

సరే, ఒప్పుకున్నా. ఆ మాట మీదే నా ఉద్యోగం నడుస్తోంది.

కానీ నాదీ ఒక కంప్లయింటు ఉంది. మా పాపకి యూనిట్ టెస్టులో "మీ ఇంటికి నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి?" అని వచ్చింది. ఇది "ట్యాంకర్ నుంచి" అని రాసింది. ఎర్రసిరాతో కొట్టేశారు. నది, చెరువు, బావి, వాన. ఈ నాలుగే కరెక్టట. మా అపార్ట్‌మెంట్‌కి నిజంగా వచ్చేది ట్యాంకరే! 2024 వేసవిలో ఆ ట్యాంకరు కోసం మేం గేటు దగ్గర కాపలా కాశాం, అది కళ్ళారా చూసిన పిల్ల. "నాన్నా, మనింటికి నీళ్ళు తప్పుగా వస్తున్నాయా?" అని అడిగింది.


చరిత్రపిచ్చి | మంగళవారం రాత్రి 9.40

ఈ ప్రశ్నని ఫ్రేము కట్టించుకోవాలి.


ముళబాగిలు మాస్టారు | మంగళవారం రాత్రి 10.05

రెండో రోజు శిక్షణ మొత్తం ఈ ఒక్క జవాబు మీద నడపొచ్చు మేడమ్. ట్యాంకర్లోకి ఎక్కడ నింపారు? బోరు నుంచి. బోరులోకి? నేలలోంచి. నేలలోకి? వాన. వాన ఇంకడానికి చెరువుండాలి. ఆ చెరువేమైంది? మెజెస్టిక్ బస్టాండు ఒకప్పుడు ధర్మాంబుధి చెరువు. కంఠీరవ స్టేడియం ఉన్నచోట సంపంగి చెరువు. ఇక కావేరి నీళ్ళున్న పేటలకైతే తొరెకాడనహళ్ళి నుంచి దాదాపు 100 కిలోమీటర్లు గొట్టాల్లో వచ్చి, అర కిలోమీటరు ఎత్తు ఎక్కాలి. అంత ఎత్తు ఎక్కించడానికి కరెంటెంత? కొన్ని వీధులకి కావేరి, కొన్నింటికి ట్యాంకరు, ఎందుకలా? సైన్సు ఎక్కడ ఆగింది, సోషల్ ఎక్కడ మొదలైంది చెప్పండి చూద్దాం.

చెట్ల పేర్లూ వదలొద్దు. మీ క్లాసులో ఐదు భాషల పిల్లలుంటారు. మనకి కానుగ, కన్నడిగులకి హొంగె, తమిళులకి పుంగై. టీచరు ఇంగ్లీషు పేరొక్కటే చెప్తే, ఇంట్లో అమ్మమ్మ చూపించిన చెట్టూ పుస్తకంలో చెట్టూ వేరనుకుంటారు. ఒక చార్టులో ఒక్కో చెట్టుకి క్లాసులో ఉన్న భాషలన్నిట్లో పేర్లు పిల్లల చేతే రాయించండి. హొంగసంద్ర, హుణసెమారనహళ్ళి అనే ఊరి పేర్లలో కానుగా చింతా దాక్కున్నాయని వాళ్ళే పట్టేస్తారు.


నీడలేని రోజు | రాజాజీనగర్ | బుధవారం ఉదయం 7.30

చాలాకాలంగా చదువుతూ ఊరుకునేదాన్ని, ఇది చూసి లాగిన్ అయ్యా. ఆ టీచర్లని ఒక్క మాట అడగండి: "రోజూ మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడా?" మన భాషే మనల్ని మోసం చేస్తుంది. అందరూ ఉంటాడనే అంటారు. బెంగళూరులో అలా జరిగేది ఏడాదికి రెండే సార్లు, ఏప్రిల్ 24, ఆగస్టు 18 ప్రాంతాల్లో. ఏప్రిల్‌లో అయితే 12.17 చుట్టుపక్కల, నిలబెట్టిన సీసా నీడ సీసా కిందే మాయమవుతుంది. అప్పుడు సెలవులు. ఆగస్టులో బడి ఉంటుంది, మబ్బులూ ఉంటాయి. అయినా ప్రతి ఏడూ కర్ర పాతి చూస్తాం మేము.


సుద్దముక్క | బుధవారం రాత్రి 10.00

మీ అందరికీ ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే. నోటుబుక్కు నిండింది. వచ్చే శుక్ర, శనివారాలు. అయ్యాక వచ్చి చెప్తా.


(మూడు వారాల తర్వాత)

సుద్దముక్క | ఆదివారం సాయంత్రం 5.30

లేటైంది, తిట్టకండి. జరిగింది జరిగినట్టు రాస్తా.

మొదటి రోజు కొవ్వొత్తి. ముందు అసలు వెలగలేదు, సీలింగ్ ఫ్యాన్ వల్ల. ఫ్యాను ఆపితే ఐదు నిమిషాల్లో అందరూ చెమటలు. ఆ ఉక్కలోనే చేశాం. మేష్టారన్నట్టే ఐదో వంతు ఆక్సిజన్ అని సైన్సు చదివిన మేం ముగ్గురమూ అందరికన్నా ముందు అన్నాం (నేను అన్నట్టు నటించా). మూడు కొవ్వొత్తులకి నీళ్ళు ఎక్కువ ఎక్కేసరికి "సీసా మార్చావా?" అని నన్నే అనుమానించారు. మళ్ళీ చేశారు, మళ్ళీ చేశారు. ఏడోసారి అనుకుంటా, కామర్స్ మేడమ్ నేల మీద కూర్చుని, కళ్ళు పళ్ళెం ఎత్తుకి తెచ్చి చూస్తూ, "ఆగండాగండి, బుడగలు బయటికొస్తున్నాయి! లోపలిది బయటికి పోతోంది!" అని అరిచారు. సైన్సంటే నాకు రాదు అని ఆరేళ్ళుగా అంటున్న మనిషి. ఫిజిక్స్ చదివిన మేడమ్ మాత్రం లంచ్‌లో ఎవరితోనూ మాట్లాడలేదు. సాయంత్రం నా దగ్గరికొచ్చి, "ఎంతమంది పిల్లలకి తప్పు చెప్పుంటాను?" అన్నారు. ఏం చెప్పాలో తెలీలేదు. ఇద్దరం టీ తాగాం.

లాల్‌బాగ్ కుదరలేదు, బస్సు ఇవ్వలేదు. చరిత్రపిచ్చి గారి తాడుని స్కూలు గ్రౌండులోనే పరిచా. అది ఫెయిలయింది, చెప్పేస్తున్నా. బండ కళ్ళెదురుగా లేకపోతే 300 కోట్లు అనేది ఉత్త సున్నాలే. ఎండలో తాడు పట్టుకుని నిలబెట్టినందుకు కొందరు గునిశారు కూడా.

రెండో రోజు నీళ్ళు. "మన స్కూలుకి నీళ్ళెక్కడి నుంచి?" అంటే ఒక్కరికీ తెలీదు, నాతో సహా. వాచ్‌మన్ అన్నకి అన్నీ తెలుసు. సంపు మూత తీసి చూపించాడు. బోరు ఎండిపోయి రెండేళ్ళయిందట. పదకొండింటికి ట్యాంకరొచ్చింది. డ్రైవరు అన్న మన చింతామణి వైపు మనిషి, తెలుగే. పద్నాలుగు మంది టీచర్లు చుట్టుముట్టేసరికి పాపం బెదిరిపోయి, "బిల్లు కరెక్టే మేడమ్" అన్నాడు! నవ్వులయ్యాక నెమ్మదిగా చెప్పాడు: ఏ ఊరి బోరు, ఎంత లోతు, వేసవిలో రేటెందుకు పెరుగుతుంది, వాళ్ళ ఊళ్ళో రాగి చేలు మానేసి నీళ్ళు ఎందుకమ్ముతున్నారు. ఎంబీఏ మేడమ్ అడిగిన ప్రశ్నలే ప్రశ్నలు. ఏ పుస్తకంలో ఉందండీ ఈ పాఠం?

తర్వాత ఆ నీటి దారికి మ్యాపు గీయమన్నా. ఉత్తరం ఎటంటే చాలామంది పైకి, సీలింగ్ వైపు చూపించారు. గోడ మీద మ్యాపులు చూసి చూసి ఉత్తరమంటే పైన అని స్థిరపడిపోయింది. మ్యాపుల్ని నేల మీద పరిచి, ఎండ చూసి, ఫోనులో దిక్సూచి చూసి తిప్పుకునేసరికి సాయంత్రమైంది. ఫీడ్‌బ్యాక్ ఫారాలకి టైం చాల్లేదు. ప్రిన్సిపల్ గారికి ఫోటోలు తక్కువయ్యాయని కొంచెం కోపం.

ఇక అసలు సంగతి. ముళబాగిలు మాస్టారు చెప్పినట్టు రెండు వారాలాగి క్లాసుల్లో వెనక కూర్చున్నా, రిజిస్టరు లేకుండానే. ఒక క్లాసులో పిల్లలు ఇంటింటి నీళ్ళ లెక్క తెచ్చారు. 32 మందిలో 19 మందికి ట్యాంకరే. ఆ మేడమ్ జవాబు కింద టిక్కు పెట్టి, "ట్యాంకరులోకి ఎక్కడి నుంచి?" అని ఇంకో ప్రశ్న రాశారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. పక్క క్లాసుకెళ్ళా. ఐదో తరగతి. బోర్డు మీద కొవ్వొత్తి బొమ్మ. కింద: "వేడి వలన గాలి వ్యాకోచించి కొంత బయటకు పోవును. చల్లబడినప్పుడు మిగిలిన గాలి సంకోచించును." పిల్లలతో మూడుసార్లు రాయిస్తున్నారు. కొవ్వొత్తి వెలిగించలేదు. "జవాబు ఎలాగూ తెలిసిపోయింది కదా మేడమ్, సిలబస్ వెనకబడింది" అన్నారు.


మదనపల్లె మేష్టారు | ఆదివారం సాయంత్రం 6.10

హహ్హహ్హ! తప్పు జవాబు బట్టీ పోయి, ఒప్పు జవాబు బట్టీ వచ్చింది. కోప్పడకమ్మా. 40 మంది మధ్య నిప్పు పెట్టాలంటే ఏ టీచరుకైనా గుండె దడే. సిలబస్ అనేది పైకి చెప్పే మాట. భయమేమో కనుక్కో. భయమైతే ఆ పిరియడులో నువ్వు పక్కన నిలబడు, చాలు.


డీఎల్‌ఎడ్ సెకండియర్ | ఆదివారం రాత్రి 7.00

అక్కా, చిన్న న్యూసు. ఆ ఐదో తరగతి అబ్బాయి దగ్గరికి మళ్ళీ వెళ్ళా. 15 కోట్లు, 920 మీటర్లు, రెండూ బోర్డు మీద రాశా. వాడు కాసేపు చూసి, "అంటే మిస్, మనం మేడ మీద నిలబడి చందమామకి దగ్గరయ్యాం అనుకున్నట్టా?" అన్నాడు. తర్వాత అడిగాడు: "మరి ఊటీకెళ్తే మబ్బులు కిందికెందుకొస్తాయి?" ఇది నాకు మళ్ళీ తెలీదు. రేపటికి అన్నాను.


రెండో బెంచీ | ఆదివారం రాత్రి 8.30

మా పాప స్కూలుకి ఈ చర్చ లింకు పంపా. ట్యాంకరు జవాబుకి పోయిన మార్కులు వెనక్కిచ్చారు. ఎర్రసిరా మీదే టిక్కు పెట్టి ఇచ్చారు, పాప దాన్ని ఫ్రిజ్ మీద అంటించింది.


చరిత్రపిచ్చి | ఆదివారం రాత్రి 8.45

సుద్దముక్క గారూ, తాడు విషయంలో తప్పు నాదే, బండ లేకుండా చెయ్యొద్దని చెప్పాల్సింది. డిసెంబర్‌లో ఎండ తక్కువ. మెట్రోలో వచ్చెయ్యండి, బస్సు ఎవర్నీ అడగక్కర్లేదు. తాడు నేను తెస్తా.


సుద్దముక్క | ఆదివారం రాత్రి 9.50

తప్పకుండా. బుధవారం బడయ్యాక 40 నిమిషాలు అందరం మళ్ళీ కూర్చుంటున్నాం, ఈసారి ఎవరూ చెప్పకుండా వాళ్ళే పెట్టుకున్నారు. మేష్టారూ, మీరన్నదే నిజం, ఐదో తరగతి మేడమ్‌కి నిప్పంటే భయమట, చిన్నప్పుడు చెయ్యి కాలిందట. గురువారం ఆవిడ పిరియడులో నేను పక్కన ఉంటా. అగ్గిపెట్టె నా చేతిలో. ఫ్యాను ఆపడానికి మాత్రం పిల్లలు ఒప్పుకోవాలి.